హోమ్ లోన్‌తో వచ్చిన జాయింట్ ఇన్సూరెన్స్, విడిపోయాక ఆ డబ్బులు వెనక్కి రాబట్టడం: నా రివ్యూ

హోమ్ లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంక్ వాళ్ళు లోన్‌లోనే కలిపేసి ఒక ఇన్సూరెన్స్ ఇస్తారు చూడండి, లోన్ ప్రొటెక్షన్ అనో లోన్ కవర్ అనో ఏదో ఒక పేరుతో, దాని గురించే ఈ రివ్యూ. భార్యాభర్తలిద్దరి పేరు మీద లోన్ ఉండి తర్వాత విడిపోయినవాళ్ళు, విడిపోయే ఆలోచనలో ఉన్నవాళ్ళు తప్పకుండా చదవండి, ఎందుకంటే ఫ్లాట్ ఎవరికి, బంగారం ఎవరికి, పిల్లలు ఎవరి దగ్గర అని అన్నీ మాట్లాడుకుంటాం గానీ ఈ పాలసీ గురించి ఎవ్వరూ మాట్లాడరు, లాయర్లు కూడా అడగరు. మా కేసులో పెద్దమనుషులు అడగలేదు, లాయర్ అడగలేదు, బ్యాంక్ వాళ్ళు అసలే చెప్పలేదు. కంపెనీ పేరు, బ్యాంక్ పేరు రాయట్లేదు. నేను చూసినంతలో ఈ టైపు పాలసీలన్నీ దాదాపు ఒకేలా నడుస్తాయి, కాబట్టి మీది ఏ బ్యాంక్ అయినా ఇందులో చాలా వరకు వర్తిస్తుంది.

ముందు అసలు ఇదేంటో చెప్తా. మేము 2019లో నిజాంపేట్‌లో ఫ్లాట్ తీసుకున్నాం, 48 లక్షల లోన్, 20 ఏళ్ళు, ఇద్దరం ఉద్యోగస్తులమే కాబట్టి ఇద్దరి జీతాలూ చూపించి జాయింట్‌గా తీసుకున్నాం. శాంక్షన్ అయ్యాక సంతకాలు పెట్టే రోజు ఆ కట్టలోనే ఇన్సూరెన్స్ ఫారం కూడా ఉంటుంది, ఇది ఉంటేనే ఫైల్ కదులుతుంది మేడమ్ అంటారు. అది అబద్ధం. హోమ్ లోన్‌కి ఇన్సూరెన్స్ తప్పనిసరి అని ఆర్‌బీఐ రూల్ లేదు, ఇన్సూరెన్స్ రెగ్యులేటర్ ఐఆర్‌డీఏఐ రూలూ లేదు. 2024 నవంబర్‌లో ఫైనాన్స్ మినిస్టర్ నిర్మలా సీతారామన్ గారే బ్యాంకర్ల మీటింగ్‌లో చెప్పారు, ఇన్సూరెన్స్ తప్పుగా అమ్మడం వల్ల లోన్ తీసుకునేవాళ్ళ మీద భారం పెరుగుతోందని. అంటే ఇది మన ఒక్కరి బాధ కాదు, ఢిల్లీ దాకా తెలిసిన విషయమే.

ఇప్పుడు లెక్క చూడండి. ప్రీమియం లక్షా యాభై రెండు వేల చిల్లర, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 1,80,000. చేతి నుంచి తీసుకోరు, లోన్‌లో కలిపేస్తారు. అంటే మన లోన్ 48 లక్షలు కాదు, 49 లక్షల 80 వేలు. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్ళంటే లక్షకి నెలకి 868 రూపాయలు పడుతుంది, ఈ లక్షా ఎనభై వేలకి నెలకి పదిహేను వందల అరవై పైనే. లోన్ చివరిదాకా కడితే దాదాపు మూడు లక్షల డెబ్బై అయిదు వేలు. ఇంకో సంగతి, లోన్ 20 ఏళ్ళు, పాలసీ మాత్రం 15 ఏళ్ళే. అంటే చివరి అయిదేళ్ళు కవర్ ఉండదు గానీ దాని ప్రీమియం మీద ఈఎంఐ మాత్రం కడుతూనే ఉంటాం. నాకు ఇది తెలిసినప్పుడు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

కవర్ కూడా ఏటా తగ్గుతూ పోతుంది. లోన్ బాకీ తగ్గుతుంది కాబట్టి కవర్ కూడా తగ్గాలి, అది అర్థమవుతుంది, కానీ ఆ తగ్గే షెడ్యూల్ మొదటి రోజు వడ్డీ రేటు ప్రకారం వేసేస్తారు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు (ఆర్‌బీఐ బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ రేటు, దాన్ని బట్టే మన లోన్ వడ్డీ మారుతుంది) 4 నుంచి ఆరున్నరకి పోయింది కదా, అప్పుడు చాలామందికి ఈఎంఐ పెంచకుండా లోన్ ఏళ్ళు పెంచేశారు, మాకూ అంతే. లోన్ బాకీ నెమ్మదిగా తగ్గుతోంది, కవర్ మాత్రం పాత షెడ్యూల్ ప్రకారం దిగిపోతోంది. ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయితే లోన్ మొత్తం తీరిపోతుందని చెప్పి అమ్మిన పాలసీ ఇది, నిజానికి కొంత మిగిలిపోతుంది. ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ వెనక పేజీలో ఆ టేబుల్ ఉంటుంది, మీది తీసి మీ లోన్ స్టేట్‌మెంట్ పక్కన పెట్టి చూస్కోండి.

ఇక విడిపోవడం సంగతి. మాది పరస్పర అంగీకారంతోనే, హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి కింద. గొడవలు పడి పడి చివరికి ఇద్దరం అలసిపోయి ఒప్పుకున్నాం అనుకోండి. ఫ్లాట్ నాకు, మిగిలిన లోన్ నేనే కట్టుకోవాలి, ఆయన తన వాటా నాకు వదిలేస్తున్నట్టు రిలీజ్ డీడ్ రాసి రిజిస్ట్రేషన్ చేయించాలి, ఇది మా ఎంఓయూలో, అంటే ఇద్దరి మధ్య ఒప్పంద పత్రంలో, రాసుకున్నాం. పాత బ్యాంక్ వాళ్ళు కో అప్లికెంట్ పేరు తీయడానికి ఒప్పుకోలేదు, నా ఒక్కదాని జీతం మీద లోన్ మళ్ళీ మొదటి నుంచీ చూడాలన్నారు. దాంతో 2025లో ఇంకో బ్యాంక్‌కి బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ చేసుకున్నా, అంటే మిగిలిన లోన్ అక్కడికి మార్చుకున్నా, నా ఒక్కదాని పేరు మీద. పాత లోన్ క్లోజ్ అయింది, ఫ్లోటింగ్ రేటు కాబట్టి పెనాల్టీ లేదు, ఎంఓడీటీ (ఫ్లాట్ కాగితాలు బ్యాంక్ దగ్గర తాకట్టు పెట్టినట్టు రాసే పత్రం) రద్దు చేయించుకున్నా. డాక్యుమెంట్ల విషయంలో 2023 డిసెంబర్ 1 నుంచి ఒక మంచి రూల్ ఉంది, లోన్ తీరిన 30 రోజుల్లో కాగితాలు ఇవ్వకపోతే బ్యాంక్ రోజుకి 5,000 మనకి కట్టాలి, అందుకే అవి మాత్రం టైంకి ఇచ్చేశారు.

పాలసీ మాత్రం అలాగే ఉండిపోయింది. లోన్ క్లోజ్ అయితే ఇన్సూరెన్స్ కూడా దానంతట అదే పోతుందని చాలామంది అనుకుంటారు, పోదు. సరెండర్ చేయమని, అంటే గడువుకి ముందే పాలసీ ఆపేసి రావాల్సిన డబ్బు ఇవ్వమని, మనం రాసి ఇవ్వాలి, లేకపోతే గడువు అయ్యేదాకా అలాగే నడుస్తుంది. విడిపోయినవాళ్ళకి ఇందులో ఇంకో తలనొప్పి ఉంది, పాలసీ ఇద్దరి మీదా జాయింట్ లైఫ్, నామినీలుగా ఒకరికొకరు ఉంటారు. విడాకులు వచ్చినంత మాత్రాన నామినీ పేరు మారదు, మనం మార్పిస్తేనే మారుతుంది. కోర్టు ఇద్దరికీ ఏ సంబంధం లేదని డిక్రీ ఇచ్చాక కూడా ఒక కాగితంలో ఆయనకి ఏమైనా అయితే నాకు డబ్బు, నాకు ఏమైనా అయితే ఆయనకి డబ్బు అని రాసి ఉండటం నాకు అస్సలు నచ్చలేదు. అందుకే డబ్బు కోసం ఎంతో, ఈ ముడి తెంపడం కోసం కూడా అంతే పట్టుబట్టా.

బ్రాంచ్‌కి వెళ్ళి అడిగితే అది ఇన్సూరెన్స్ కంపెనీ చూస్తుంది మేడమ్, మాకు సంబంధం లేదు అన్నారు. అమ్మినప్పుడు మాత్రం వాళ్ళ టేబుల్ మీదే అమ్మారు. కంపెనీకి ఫోన్ చేస్తే ఇది గ్రూప్ పాలసీ, అందరికీ కలిపి ఉన్న మాస్టర్ పాలసీ బ్యాంక్ పేరు మీదే ఉంటుంది, రిక్వెస్ట్ బ్యాంక్ ద్వారానే రావాలి అన్నారు. మళ్ళీ బ్రాంచ్. అక్కడ కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి పాపం మంచిగా విని ఫారం తీసి ఇచ్చింది, సీల్ వేసి పంపించింది, ఆ అమ్మాయికి థ్యాంక్స్. కొన్ని వారాలకి కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది, ఇద్దరు మెంబర్ల సంతకాలూ ఉండాలి, మొదటి మెంబర్ సంతకం లేదు కాబట్టి రిజెక్ట్ అని. మొదటి మెంబర్ అంటే మా మాజీ ఆయన.

విడిపోయాక ఆయనకి ఫోన్ చేసి సంతకం పెట్టమని అడగడం ఎంత కష్టమో ఆ స్థితిలో ఉన్నవాళ్ళకే తెలుసు. నేరుగా మాట్లాడుకునే పరిస్థితి లేదు. చివరికి వాళ్ళక్కకి ఫోన్ చేశా, వదిన నాతో ఎప్పుడూ బానే ఉండేది, ఇప్పటికీ నేను వదినా అనే పిలుస్తా. వదిన, ఫ్లాట్ లోన్‌తో పాటు వచ్చిన ఇన్సూరెన్స్, ఇద్దరం సంతకం పెడితేనే క్యాన్సిల్ అవుతుందంట, ఆయనకి ఒక్కసారి చెప్తావా అంటే, నువ్వు కాగితాలు పంపించమ్మా నేను దగ్గరుండి పెట్టిస్తా, దీనికి కూడా మళ్ళీ కోర్టులెందుకు అంది. అన్నమాట నిలబెట్టుకుంది. ఆయన కూడా అడ్డుపెట్టలేదు, లోన్ కట్టింది తనే కదా డబ్బు తననే తీసుకోమను అని నో అబ్జెక్షన్ లెటర్ కూడా రాసిచ్చారు, అది మాత్రం చెప్పాలి.

ఇక్కడితో అయిపోవాలి కదా, అవ్వలేదు. రెండు సంతకాలు, ఎన్‌ఓసీ, డిక్రీ కాపీ, రిలీజ్ డీడ్ కాపీ, పాత బ్యాంక్ క్లోజర్ లెటర్, నా క్యాన్సిల్డ్ చెక్కు అన్నీ పెట్టి పంపిస్తే కంపెనీ ఏమందంటే సరెండర్ డబ్బు లోన్ అకౌంట్‌కే జమ చేస్తాం, మా సిస్టమ్‌లో వేరే అకౌంట్‌కి వేసే వీలు లేదు అని. ఏ లోన్ అకౌంట్? అది క్లోజ్ అయిపోయింది, క్లోజ్ అయినందుకే సరెండర్ అడుగుతున్నా, ఆ క్లోజర్ లెటర్ వాళ్ళకి పంపింది కూడా నేనే. బ్యాంక్‌ని అడిగితే క్లోజ్ అయిన అకౌంట్‌కి డబ్బు వేస్తే వెనక్కి పోతుంది, కంపెనీనే మీ సేవింగ్స్‌కి వేయమనండి అంటారు. కంపెనీని అడిగితే బ్యాంక్ నుంచి లెటర్ తెండి అంటారు. బ్యాంక్‌ని లెటర్ అడిగితే మా దగ్గర అలాంటి ఫార్మాట్ లేదు అంటారు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త మనిషి, మొదటి నుంచీ చెప్పాలి, విడాకులు తీసుకున్నామండీ అని ప్రతి ఒక్కరికీ చెప్పాలి, అవతలి నుంచి ఒకతను అయితే సార్‌ని లైన్‌లోకి తీసుకోండి మేడమ్ అన్నాడు. ఆ రోజు ఆఫీసులో వాష్‌రూమ్‌కి వెళ్ళి ఏడ్చా. వాళ్ళ స్క్రీన్ మీద విడిపోయిన జంట అనే కాలమ్ లేకపోవచ్చు, కానీ హైదరాబాద్‌లో ఎంతమంది జంటలు జాయింట్ లోన్లు తీసుకుంటున్నారు, అందులో కొందరు విడిపోతారు, ఇది జరగని విషయమేం కాదు కదా, దానికంటూ ఒక పద్ధతి పెట్టుకోరా?

నా కొలీగ్ ఒకామె చెప్పింది, ఇలా ఫోన్లలో తిరగడం ఆపేసి రాతపూర్వకంగా కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి కంప్లైంట్ పెట్టు అని. మెయిల్ పెట్టా, పాలసీ నంబర్, ఏం అడిగాను, ఏ తేదీన వాళ్ళేం చెప్పారు, నాకేం కావాలి, అంతే, కథ రాయలేదు. దాంతో పాటు ఐఆర్‌డీఏఐ వాళ్ళ బీమా భరోసా పోర్టల్‌లో కూడా పెట్టా, నంబర్ 155255, ఫోన్‌లో కూడా తీసుకుంటారు. ఐఆర్‌డీఏఐ హెడ్డాఫీసు మన నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనే ఉంది, దేశం మొత్తం ఇన్సూరెన్స్ కంపెనీల మీద పెత్తనం మన ఊళ్ళోనే ఉందన్నమాట, కానీ అక్కడికి కాగితాలు పట్టుకుని వెళ్ళాల్సిన పని లేదు, పోర్టల్‌లో పెడితే కంపెనీకి పంపి జవాబు ఇప్పిస్తారు. జవాబు వచ్చింది, మళ్ళీ అదే పాట, లోన్ అకౌంట్‌కే వేస్తాం అని. అయితే ఈసారి రాతలో ఇచ్చారు. ఆ కాగితమే నాకు కావాల్సింది, ఎందుకంటే కంపెనీ కాదన్నట్టు కాగితం ఉన్నా, లేదా కంప్లైంట్ పెట్టి నెల దాటినా జవాబు రాకపోయినా, ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి వెళ్ళొచ్చు. అలా కాదన్న ఏడాది లోపు వెళ్ళాలి, అది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అంబుడ్స్‌మన్ ఆఫీసు గురించి చెప్తా, ఈ మొత్తం వ్యవహారంలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది దీన్నే. లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో మొయిన్ కోర్ట్ అనే బిల్డింగ్‌లో ఫస్ట్ ఫ్లోర్, మియాపూర్ వైపు వాళ్ళకి మెట్రో రెడ్ లైన్‌లో నేరుగా లక్డీకాపూల్ దిగితే చాలు. తెలంగాణ, ఆంధ్ర, యానాం అంతా ఈ ఆఫీసు కిందకే వస్తుంది, ఆన్‌లైన్‌లో కూడా పెట్టొచ్చు, దూరం వాళ్ళకి విచారణ వీడియోలో కూడా చేస్తారు. ఫీజు ఒక్క రూపాయి లేదు. లాయర్ అక్కర్లేదు, అక్కర్లేకపోవడం కాదు, లాయర్‌ని రానివ్వరు, మన కేసు మనమే చెప్పుకోవాలి. 50 లక్షల దాకా వాళ్ళ పరిధి. కన్స్యూమర్ కోర్టులో అదే కేసు వేసి ఉంటే మాత్రం ఇక్కడ తీసుకోరు.

నేను ఆన్‌లైన్‌లో పెట్టొచ్చని తెలిసినా వెళ్ళే ఇచ్చా, మనిషి మొహం చూసి మాట్లాడాలనిపించింది. అంతకుముందు ఫ్యామిలీ కోర్టు చుట్టూ తిరిగిన భయం నాకు ఇంకా పోలేదు, మళ్ళీ గవర్నమెంట్ ఆఫీసు లాంటిదేదో అనుకుంటూ వెళ్తే అక్కడ కూర్చున్న పెద్దాయన ఒకరు కాగితాలు అన్నీ తిప్పి చూసి, ఏం పరేషాన్ కాకమ్మా, గిట్లాంటివి వస్తనే ఉంటయ్, ఫారం నింపి సంతకం పెట్టు, పైసలేం కట్టేది లేదు అన్నారు. ఎవరూ విడాకులెందుకు తీసుకున్నారని అడగలేదు. సార్‌ని తీసుకురండి అనలేదు. ఏ కాగితం తక్కువుందో చెప్పారు, అది తెచ్చిస్తే తీసుకున్నారు. ఇంత మామూలు మర్యాద కోసం నెలల తరబడి తిరిగాను కాబట్టి అది నాకు చాలా పెద్దదిగా అనిపించింది.

విచారణ దాకా రాలేదు. అంబుడ్స్‌మన్ ఆఫీసు నుంచి కంపెనీకి నోటీసు వెళ్ళాక, అప్పటిదాకా సిస్టమ్‌లో వీలు లేదన్నవాళ్ళే ఫోన్ చేసి, ఇద్దరి సంతకాలతో డిశ్చార్జ్ ఓచర్ (డబ్బు ముట్టినట్టు ఇచ్చే రసీదు) ఇస్తే మీ సేవింగ్స్ అకౌంట్‌కి వేస్తాం మేడమ్ అన్నారు. వీలు అప్పుడెలా వచ్చింది? అడిగా కూడా, స్పెషల్ అప్రూవల్ అన్నారు. ఆ అప్రూవల్ మొదట్లోనే ఇచ్చుంటే నేను వదినని రెండోసారి ఇబ్బంది పెట్టే పని ఉండేది కాదు.

డబ్బు ఎంత వచ్చిందో చెప్తా, ఇది చాలామందికి తెలియాలి. కట్టిందాంట్లో మిగిలిన ఏళ్ళ డబ్బు మొత్తం వస్తుందనుకోకండి. నా సర్టిఫికెట్‌లో ఫార్ములా ఇలా ఉంది, జీఎస్టీ తీసేసిన ప్రీమియంలో 70 శాతం, దాన్ని మిగిలిన కాలం మొత్తం కాలంలో ఎంత భాగమో దాంతో గుణించి, మళ్ళీ ఇప్పటి కవర్ మొదటి కవర్‌లో ఎంత భాగమో దాంతో గుణించాలి. మీ పాలసీలో శాతం వేరేగా ఉండొచ్చు, చూస్కోండి. నాది 15 ఏళ్ళలో ఇంకా తొమ్మిదేళ్ళు మిగిలి ఉంది, కవర్ 48 లక్షల నుంచి 41 లక్షల దగ్గరికి వచ్చింది, లెక్కేస్తే 54 వేల చిల్లర. కంపెనీ వాళ్ళు మొదట 50 వేలే అన్నారు, ఎందుకంటే డబ్బు రిలీజ్ చేసే తేదీ నుంచి లెక్కేశారు, వాళ్ళు లాగిన నెలలన్నీ నా ఖాతాలో తగ్గించారన్నమాట. నేను ఒప్పుకోలేదు, బ్రాంచ్ సీల్ ఉన్న మొదటి ఫారం తేదీ చూపించి అక్కడి నుంచి లెక్కెయ్యమన్నా, ఆలస్యానికి ఆర్‌బీఐ ప్రకటించే బ్యాంక్ రేటు మీద 2 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలని రూల్ ఉంది కదా అది కూడా వెయ్యమన్నా. వేశారు. అందుకే చెప్తున్నా, ఏ కాగితం ఇచ్చినా సీల్, తేదీ వేయించుకుని జిరాక్స్ దగ్గర పెట్టుకోండి, నాకు నాలుగు వేలు తెచ్చిపెట్టింది ఆ సీలే.

లక్షా ఎనభై వేలు లోన్‌లో కలిపి, ఆరేళ్ళు దాని మీద వడ్డీ కట్టించుకుని, చివరికి 54 వేలు. ఇది న్యాయం కాదు. మా పిన్ని కూతురు బర్మింగ్‌హామ్‌లో ఉంటుంది, తనకి చెప్తే అక్కడ పీపీఐ అని ఇలాంటిదే పెద్ద గొడవ అయిందక్కా, పేమెంట్ ప్రొటెక్షన్ ఇన్సూరెన్స్, ఇంటి లోన్లకి క్రెడిట్ కార్డులకి అన్నిటికీ అంటగట్టేవాళ్ళంట అంది. తప్పుగా అమ్మారని తేలితే కట్టిన ప్రీమియం, దాని మీద పడిన వడ్డీ, పైగా ఏడాదికి 8 శాతం చొప్పున సాధారణ వడ్డీ కలిపి ఇప్పించేవాళ్ళు. 2019 ఆగస్టు 29 దాకా గడువు పెట్టి, అందరూ అడగండి అని రెగ్యులేటరే టీవీలో యాడ్లు ఇచ్చింది, మొత్తం మీద బ్యాంకులు కట్టింది 3,800 కోట్ల పౌండ్లు పైమాటే. మన దగ్గర అలా దేశం మొత్తానికి కలిపి వెనక్కి ఇప్పించే పని ఎవరూ పెట్టలేదు, ఎవరికి వాళ్ళం పోరాడాల్సిందే. ఇది చదివి ఏ రెగ్యులేటర్ మారిపోతారని కాదు, కానీ అడగడం మన హక్కు అని మాత్రం నాకు మా చెల్లి మాటలతో గట్టిగా అనిపించింది.

విడిపోతున్నవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, ఈ పాలసీని ఎంఓయూలో రాయించండి. పాలసీ నంబర్ వేసి, ఎవరు సరెండర్ చేయాలి, డబ్బు ఎవరి అకౌంట్‌కి, అవతలివాళ్ళకి అభ్యంతరం లేదు, ఈ మూడు ముక్కలు చాలు. అసలు పాలసీ ఉందో లేదో తెలియకపోతే లోన్ స్టేట్‌మెంట్ మొదటి పేజీ తీయండి, లోన్ డబ్బు మొదటిసారి విడుదలైన దగ్గర ఇన్సూరెన్స్ కంపెనీ పేరుతో ఒక ఎంట్రీ ఉంటుంది, శాంక్షన్ అయిన లోన్ కన్నా అకౌంట్‌లో ఎక్కువ కనిపిస్తే అదే. 13బిలో మొదటి పిటిషన్‌కీ రెండోదానికీ మధ్య ఆరు నెలలు ఉంటుంది కదా, కొన్ని కేసుల్లో కోర్టు దాన్ని మాఫీ చేస్తుంది గానీ మామూలుగా ఉంటుంది, ఆ టైంలోనే సరెండర్ ఫారం, డిశ్చార్జ్ ఓచర్, ఎన్‌ఓసీ అన్నిటి మీదా సంతకాలు అయిపోవాలి. రెండో మోషన్ అయ్యాక ఎవరి దారి వాళ్ళది, ఒకరు బెంగళూరు వెళ్ళిపోతారు, ఒకరు అమెరికా వెళ్ళిపోతారు, ఇంకొకరికి మళ్ళీ పెళ్ళి అయి ఉంటుంది, అప్పుడు పాత సంసారం కాగితం మీద సంతకం పెట్టమని అడగడం ఇద్దరికీ నరకమే. మాకు వదిన ఉంది కాబట్టి సరిపోయింది, అందరికీ అలాంటి వదిన ఉండదు. రిలీజ్ డీడ్ కోసం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఎలాగూ ఇద్దరూ కలుస్తారు, అక్కడైనా సరే పని కానిచ్చేయండి.

అవతలివాళ్ళు సంతకం పెట్టనే పెట్టమంటే అంబుడ్స్‌మన్ కూడా ఆ విషయం తేల్చరు, భార్యాభర్తల మధ్య తగాదా వాళ్ళ పని కాదు, కంపెనీకీ మనకీ మధ్య ఉన్నదే చూస్తారు. అలాంటప్పుడు మీ లాయర్‌తో చెప్పి డిక్రీలోకే ఎక్కించే ప్రయత్నం చేయండి. ఇంకా డిక్రీ రాకుండా ఊరికే విడిగా ఉంటున్నవాళ్ళు కనీసం కంపెనీకి ఒక మెయిల్ పెట్టి అడ్రస్, ఫోన్ నంబర్ మీవి విడిగా ఇవ్వండి, లేకపోతే మెసేజ్‌లన్నీ మొదటి మెంబర్‌కే వెళ్తాయి, నాకు రిజెక్ట్ అయిన విషయం కూడా మొదట ఆయన ఫోన్‌కే వెళ్ళింది. ఇంకోటి, ఉద్యోగం పోతే ఈఎంఐ కడతాం అని అమ్మే కవర్ ఇంకో రకం ఉంది, హైటెక్ సిటీలో లేఆఫ్‌లు చూసి భయపడి చాలామంది తీసుకుంటారు, చాలావాటిలో మూడు ఈఎంఐల దాకే ఇస్తారు, మనంతట మనం రిజైన్ చేస్తే ఏమీ రాదు. ఆ షరతులు చదివాకే తీసుకోండి.

కొత్తగా లోన్ తీసుకునేవాళ్ళకి ఒక మాట. 2024 అక్టోబర్ నుంచి లోన్‌తో పాటు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అని ఒక కాగితం ఇవ్వాలి, ఇన్సూరెన్స్ లాంటి ఖర్చులు కూడా కలిపి అసలు వడ్డీ ఎంత పడుతుందో అందులో చూపించాలి, అది అడిగి చదవండి. ఒకవేళ పాలసీ తీసుకున్నా సర్టిఫికెట్ చేతికొచ్చాక 30 రోజుల ఫ్రీ లుక్ ఉంటుంది, మేము తీసుకున్నప్పుడు 15 రోజులే ఉండేది, ఆ లోపు వద్దంటే కొద్దిగా ఖర్చులు పోను డబ్బు మొత్తం వెనక్కి వస్తుంది. నా బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అప్పుడు కొత్త బ్యాంక్‌లో కూడా అదే ఫారం పెట్టారు. ఇది తప్పనిసరి అని మెయిల్‌లో రాసివ్వండి, అప్పుడు సంతకం పెడతా అన్నా. ఆ మెయిల్ రాలేదు, ఫారం కట్టలోంచి తీసేశారు, లోన్ అదే వడ్డీకి శాంక్షన్ అయింది.

రేటింగ్ ఇవ్వాలంటే పాలసీకి అయిదుకి ఒకటి, అదీ మధ్యలో ఎవరికైనా ఏమైనా అయి ఉంటే నిజంగానే ఇల్లు నిలబడేది కాబట్టి. కంపెనీ కస్టమర్ కేర్‌కి సున్నా. బ్రాంచ్‌కి రెండు, ఆ రెండూ ఫారం మీద సీల్ వేసిచ్చిన అమ్మాయివే. అంబుడ్స్‌మన్ ఆఫీసుకి అయిదుకి అయిదు. వచ్చిన డబ్బు కొత్త లోన్‌లో పార్ట్ పేమెంట్ కట్టేశా, నా పేరు మీద విడిగా టర్మ్ పాలసీ తీసుకున్నా, అది ఏ లోన్‌కీ ముడిపడి లేదు, బ్యాంక్ మారినా నాతోనే ఉంటుంది, నామినీ మా అమ్మ.